చక్రాల చప్పుడు

స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం కొట్టు పైన
నా గది.
కింద గోతాల వాసన, పైన రెండు తెరలు.
ఒకదాంట్లో ఎవరెవరివో బీమా లెక్కలు,
ఇంకోదాంట్లో మంచుకోట.

పగలంతా ఒక తప్పు కోసం వెతికాను.
ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన పుట్టినవాళ్లకి
నా ప్రోగ్రాములో వయసే రావడం లేదట.
నాలుగేళ్లకోసారి మాత్రం ఒక ఏడు మీదపడుతోంది.
సరిచేశాక కొంచెం దిగులేసింది,
పాపం, ఇన్నాళ్లూ హాయిగా ఉన్నారు కదా అని.

రాత్రి పదకొండున్నరకి
ఉడకబెట్టిన వేరుశనక్కాయల గిన్నె ఒళ్లో పెట్టుకుని
కోట తలుపు తీస్తాను.
పెంచల ప్రసాదు అప్పటికే బురుజు మీద ఉంటాడు.
మేమిద్దరం మంచెప్పుడూ చూడలేదు.
'అన్నా, ఇదేంది ఉప్పుమడి మాదిరుండాదే'
అన్నాడు మొదటిరోజే.
అప్పట్నించి మాకది ఉప్పుకోట.

అతను ఇస్కపల్లి దగ్గర
రొయ్యల గుంటకి రాత్రి కాపలా.
ఫోను తెర పగిలింది, మైకు గుర్తు పగులు కింద ఇరుక్కుంది,
కాబట్టి మూయడం కుదరదు.
అందులోంచి నాకు వినపడేవి:
నీళ్లని చిలికే చక్రాలు,
ఒక కుక్క,
గాలి ఇటు తిరిగితే సముద్రం,
గెలిస్తే ఈల.

నా మైకు మాత్రం ఎప్పుడూ మూసే ఉంటుంది.
నేను టైపు చేస్తాను.
ఆటలో నా పేరు మస్తాన్.
మస్తానమ్మలో సగం చాలనుకున్నాను,
ఆడగొంతు వినగానే ఆట ఆపేసి
నాతో ఆడుకోవాలని చూసినవాళ్లని చూశాక.

'మస్తానన్నా, ఎడమపక్క నువ్వు చూస్కో.'
అన్న చూసుకుంటాడు.
అన్న గురి తప్పడు.

మధ్యమధ్యలో కబుర్లు.
కౌంటు నలభైకొచ్చింది, రేటు పడిపోయింది,
తెల్లారుజామున నీళ్లలో గాలి తగ్గిపోద్ది,
చక్రాలాగితే అరగంట,
ఆ పైన రొయ్యలన్నీ గట్టుకొచ్చి తేల్తాయి.
మా సర్వరు పడిపోతే
నా ఫోను అంబులెన్సులా అరుస్తుందని నేను రాశాను.
'నీకన్నా అరిచేదుండాదన్నా.
నాకు నేనే అరుచుకోవాల' అన్నాడు.

మొన్న బుధవారం, మూడు దాటాక,
ఉప్పుకోట మీదికి తోడేళ్లొచ్చాయి.
ప్రసాదు బొమ్మ కత్తి పట్టుకుని
గోడలోకి నడుస్తోంది,
నడుస్తూనే ఉంది.
నెట్టు పోయిందనుకున్నాను.
గురక వినపడింది.
బొటనవేలు తెరమీదే ఉంచి నిద్రపోయాడు పిల్లోడు.
నవ్వుకుని అతని ముందుకెళ్లి నిలబడ్డాను.
ఒక తోడేలు, రెండు, ఆరు.
ఏడోదాన్ని కొట్టబోతూ ఆగాను.

గురక ఇంత స్పష్టంగా ఎందుకు వినపడుతోంది?

కుక్క ఉంది. సముద్రం ఉంది.
చక్రాలు లేవు.

టైపు చేశాను. లే. లే లే లే.
నిద్రపోయేవాడి ఛాతీ మీద
అక్షరాలు వెలిగి ఆరిపోయి ఉంటాయి.
మైకు బొమ్మ మీద ఎర్రగీత.
నొక్కాను.

'ఒరే పెంచలా! చక్రాలాగినాయిరా! లెయ్!'

వీధిలో ఎవరిదో లైటు వెలిగింది.
అక్కడ ఏదో దబ్బున పడింది. పరుగు. ఒక బూతు.
డీజిలింజను హ్యాండిలు తిప్పిన చప్పుడు,
దగ్గు, మళ్లీ తిప్పడం, మళ్లీ దగ్గు.
చాలాసేపటికి,
నత్తి నత్తిగా, నీళ్లు చిలికిన చప్పుడు.

ఈలోపు తోడేళ్లు మా ఇద్దర్నీ తినేశాయి.
మూడు నెలలు కట్టిన కోట
మోకాలెత్తు రాళ్లు మిగిలింది.

నాలుగున్నరకి వచ్చాడు, ఆయాసపడుతూ.
'బతికినాయన్నా. ఓ పది కిలోలు పోయినాయేమో, అంతే.'
కాసేపు చక్రాలే మాట్లాడాయి.
'అన్నా... ఇందాక అరిచిందెవురు?
పక్కన అక్కుండాదా?'

కింద లారీలోంచి గోతాలు దించుతున్నారు.
వేలింకా మైకు మీదే ఉంది.

'పక్కన కాదు' అన్నాను.